కాశీలో ఏం వదిలారు?

రాజలింగు తల్లి రాములమ్మ కన్నుమూసి రెండేళ్లు దాటింది. ఆవిడ అస్థికలు పట్టుకొని అతను ఒక్కడే కాశీకి బయలుదేరాడు. తిరిగొచ్చేటప్పుడు గంగాజలం తెచ్చి, తార్నాకలో చుట్టాలందరికీ సమారాధన భోజనం పెట్టాడు. సైన్సు కాలేజీ లాబొరేటరీలో అటెండరుగా పనిచేసే అతన్ని అప్పటినుంచి క్వార్టర్లలో అందరూ 'కాశీ రాజలింగు' అంటున్నారు. ఈ ఎండాకాలం యూనివర్సిటీ ఉద్యోగుల కుటుంబాలు కొన్ని కలిసి కాశీయాత్రకు బయలుదేరుతున్నాయి. భార్య అమృతమ్మ పేరు అతనే ఇచ్చి వచ్చాడు. తన పేరు మాత్రం ఇవ్వలేదు. "నువ్వెందుకు రావు?" అని ఆమె అడిగితే అంగీ తొడుక్కొని బయటికి వెళ్ళిపోయాడు. ఆ జవాబు కోసం చూస్తూనే ఆమె వారం గడిపింది.

ఆదివారం సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ ముందు పచ్చికలో యాత్రకు వెళ్ళేవాళ్ళంతా చేరారు. పరీక్షలు అయిపోయి హాస్టళ్ళు సగం ఖాళీ. రాతి మెట్ల మీద పగటి వేడి ఇంకా వదల్లేదు. ఈ యాత్రను తలకెత్తుకున్న ఆఫీసు సూపరింటెండెంటు వెంకటస్వామి, సలహాలు చెప్పడానికి ముషీరాబాద్ నుంచి పంతులమ్మ కమలాదేవిని పిలిపించాడు. ఆమె కాశీకి రెండుసార్లు వెళ్ళి వచ్చింది.

"పంతులమ్మా, మావోళ్ళల్ల సగం మంది యాదగిరిగుట్ట దాటి పోలే. ఏం పట్కపోవాలె, గాడ ఏం చూడాలె, జర చెప్పుండ్రి."

ఆమె నోరు విప్పేలోపలే లైబ్రరీలో పనిచేసే లక్ష్మయ్య అందుకున్నాడు. కిందటేడు ఒక ప్రొఫెసరు గారి కుటుంబం వెంట అతను ఊటీ చూసొచ్చాడు. అప్పటినుంచి ఏ మాట మొదలైనా ఊటీలోనే తేలుతాడు.

"కాశీ ముసలితనంల పోదురు గని సార్, ఇప్పుడు ఊటీ పోవాలె. మే నెలల గొంగడి కప్పుకొని పండుకోవచ్చు. చెర్వుల పడవెక్కవచ్చు. కొండ ఎక్కే రైలుకు పట్టాల నడిమిట్ల పండ్లుంటయ్, రంపం లెక్క."

"ఊటీల ఏ దేవుడున్నడయ్యా?"

"చలి ఉన్నది సార్. ఈ ఎండల అదే దేవుడు."

అందరూ నవ్వారు. అమృతమ్మ కూడా నవ్వింది. పక్కన కూర్చున్న రాజలింగు నవ్వలేదు. గడ్డిపరకలు ఒక్కొక్కటే పీకుతున్నాడు.

కమలాదేవి బడిలో పాఠం మొదలుపెట్టినట్టే మొదలుపెట్టింది. "ముందు రైలు సంగతి. నాగపూర్‌లో బండి చాలాసేపు ఆగుతుంది కదా అని తిండికోసం అందరూ దిగిపోకండి. ఎవరో ఒకరు పెట్టెలోనే ఉండాలి. నా కళ్ళముందే ఒకాయన పూరీల పొట్లం పట్టుకొని బండి వెంట పరిగెత్తాడు. కాశీలో దిగగానే పండాలు, అంటే అక్కడి పురోహితులు, మీ సామాను మీకంటే ముందు ఎత్తుకుంటారు. మీ తాత పేరు కూడా అడుగుతారు. నవ్వుతూ నడవండి, ఆగారో అయిపోయారు. తెల్లవారకముందే పడవ ఎక్కండి. గంగ మీద సూర్యుడు వచ్చేది చూడాలి. పడవవాడు చూపించిన చీరల కొట్టుకు మాత్రం వెళ్ళొద్దు."

"అదొక్కటి మా ఆమెకు మల్లొక్కసారి చెప్పుండ్రి," అన్నాడు లక్ష్మయ్య.

"ప్రయాగలో నీకూ పని ఉందిలే లక్ష్మయ్యా. త్రివేణి దగ్గర భర్త భార్య తల దువ్వి, జడ అల్లాలి. ఆ జడ కొస కత్తిరించి గంగకు ఇస్తారు. వేణీదానం అంటారు."

"గంత దూరం పోయి జడ అల్లాల్నా? గీడనే అల్లి పంపిస్త తియ్యుండ్రి!"

నవ్వులు సద్దుమణిగాక ఆమె గొంతు తగ్గించింది. "ఇంకొకటి చెబుతాను. కాశీలో విశ్వనాథుణ్ణి చేత్తో తాకొచ్చు. నీళ్ళు మీరే పోయొచ్చు, తల ఆనించి మొక్కొచ్చు. నువ్వెవరు అని అడిగేవాడు లేడు."

"చేత్తోనా?" అంది అమృతమ్మ.

అడిగాక ఆమెకు మనసులో ఏదో కలుక్కుమంది. కాశీ నుంచి వచ్చిన మనిషితో రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటోంది. రోజూ పొద్దున ఆ గంగాజలం చెంబుకు పసుపు కుంకుమ పెడుతోంది. దేవుణ్ణి చేత్తో తాకొచ్చునని అతను ఒక్కనాడైనా చెప్పలేదేం? అలాంటిది తాకిన మనిషి చెప్పకుండా ఉండగలడా?

"మీ ఆయన చెప్పలేదా?" కమలాదేవి రాజలింగు వైపు తిరిగింది. "మీరు వెళ్ళొచ్చారటగా! ఏ ఘాట్‌లో కలిపారు?"

"గంగ ఒడ్డుకే... జనం చాన ఉండె పంతులమ్మా. గడబిడల ఏం చూడలే."

"సరే, కాశీలో ఏం వదిలారు?"

రాజలింగు తలెత్తాడు. అతని ముఖం చూసి, కొత్తవాళ్ళ కోసం కమలాదేవే వివరించింది. కాశీకి పోయినవాళ్ళు తమకు ఇష్టమైన పండో కూరో ఒకటి గంగలో వదిలేసి వస్తారు. బతికున్నన్నాళ్ళూ మళ్ళీ దాన్ని నోట పెట్టరు. తాను జామపండు వదిలానని, బడి ముందు జామపళ్ళ బండి వచ్చినప్పుడల్లా విశ్వనాథుడు గుర్తొస్తాడని చెప్పింది.

"సీతాఫలం," అన్నాడు రాజలింగు గబుక్కున.

లక్ష్మయ్య పకపకా నవ్వాడు. "ఏంది లింగన్నా! మొన్న దసరాకు మీ ఇంట్ల గంపెడు సీతాఫలాలు ఇద్దరం కూసొని ఖతం చేస్తిమి గద! నాకంటె రెండు నువ్వే ఎక్కువ తింటివి!"

ఈసారి నవ్వు అందరిలోకీ పాకలేదు. వెంకటస్వామి రాజలింగు ముఖంలోకి చూశాడు. కమలాదేవి కళ్ళజోడు సవరించుకుంది. అడగకూడనిది అడిగానా అని ఆమెకూ అనుమానం వచ్చినట్టుంది.

"సీతాఫలం కాదు," అంది అమృతమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆయన వదిలింది పొట్లకాయ. అత్తమ్మకు ఇష్టమని అదే వదిలిండు. వండేటిది నేను, ఆయనకేం యాదికుంటది?"

"అట్ల చెప్పు వదినా! కాశీల గూడ కష్టం లేనిదే వదిలిండు," అన్నాడు లక్ష్మయ్య. నవ్వులు మళ్ళీ లేచాయి. మాట గంగ మీది పడవలకు, అక్కణ్ణుంచి తోడు తీసుకుపోవాల్సిన చక్కిలాలకు మళ్ళింది. అమృతమ్మకు ఒక్కటీ చెవికెక్కలేదు. దీపం పెట్టకుండా మెతుకు ముట్టని మనిషి తను. కాశీ పేరు మీద అబద్ధం ఆడింది. ఇంత తేలిగ్గా నోట్లోంచి ఎలా వచ్చింది?

ఇద్దరూ తార్నాక వైపు నడిచి హాస్టళ్ళు దాటారు. రోడ్డు మీద మనుషులు పలచబడ్డాక ఆమె ఆగింది.

"ఏమయ్యా, కాశీల ఏం వదిలినవ్?"

"నువ్వే చెప్పినవ్ గద."

"నేను అబద్ధం చెప్పిన. నువ్వు నిజం చెప్పు."

అతను కల్వర్టు గోడ మీద కూలబడ్డాడు. అమృతమ్మ నిలబడే ఉంది.

రాములమ్మ జీవితమంతా కాశీ కాశీ అనే గడిపింది. ఊరు, పొలం, జనగామ సంత తప్ప ఆవిడ చూసిన లోకం లేదు. చివరి రోజున కోడలి చెయ్యే పట్టుకుంది, కొడుకు చెయ్యి కాదు. "బతికుండంగ పోలే. నన్ను గంగల కలుపుండ్రి బిడ్డా," అంది. కలుపుతామని మాట ఇచ్చింది అమృతమ్మే. ఆ మాట తీరిందన్న నమ్మకంతోనే ఆమె రెండేళ్లుగా నిశ్చింతగా నిద్రపోతోంది.

"నేను కాశీకి పోలే," అన్నాడు రాజలింగు.

ఆమెకు తెలిసిన సంగతే. పచ్చికలో కూర్చున్నప్పుడే తెలిసిపోయింది. అయినా చెవిన పడేసరికి ఆమె కూడా గోడ మీద కూర్చుంది.

"అస్థికల మూట కింద పెట్టొద్దంటరు గద. దాన్ని పట్కొని తినొద్దంటరు. అందుకని డబ్బల పై కొక్కేనికి తగిలేసిన. ఇంటికాడి సంది ఏం తినలే. నాగపూర్‌ల బండి మస్తుసేపు ఆగుతదని పక్కాయన అన్నడు. మూట ఉన్న కాడ తింటే తప్పని దిగిన. రెండు ముద్దలు తిని నల్లా కాడ చెయ్యి కడుగుతున్న... బండి కదిలింది."

"ఉరకలేదా?"

"ఉరికిన. ప్లాట్‌ఫారం అయిపోయేదాంక ఉరికిన. అవ్వ ఒక్కతే ఢిల్లీ దిక్కు పోయింది."

ఆమెకు ఒక్క క్షణం కళ్ళముందు కనిపించింది. జనగామ దాటని మనిషి, కొక్కేనికి వేలాడుతూ, తనకు తెలియని ఊళ్ళన్నీ దాటిపోవడం. ఏడుపు వచ్చింది. దాని వెనకే, ఎందుకో, నవ్వులాంటిది కూడా వచ్చింది. రెంటినీ అదిమిపెట్టుకుంది.

తర్వాతి బండిలో అతను, కాశీకి బండి మారాల్సిన ఇటార్సీ దాకా వెళ్ళాడట. అడిగిన ప్రతివాడూ ఇంకొకడి దగ్గరికి పొమ్మన్నాడట. చివరికి ప్లాట్‌ఫారం మీదే కూర్చుండిపోయాడు. కాశీ నుంచి తిరిగొస్తున్న వరంగల్ వాళ్ళెవరో అతని ముఖం చూసి, తాము తెచ్చుకున్న గంగాజలంలో ఒక చెంబు ఇచ్చారు. ఆ చెంబుకే అమృతమ్మ రోజూ మొక్కుతోంది.

"వచ్చిననాడే చెప్తే ఏమైతుండె?"

"చెప్దామనే వచ్చిన. ఇంటికొచ్చేవరకు చుట్టాలందరు వాకిట్ల ఉండిరి. నువ్వు నీళ్ళ బిందెతోని ఎదురొచ్చి నా కాళ్ళు కడిగినవ్. కాశీ నుంచి వచ్చినోడని అందరు నా కాళ్ళు మొక్కిరి. మా పెద్ద మేనమామ సుత మొక్కిండు. ఇగ ఏం చెప్పాలె?"

నిజమే, తనే కడిగింది. ఆ నీళ్ళు తల మీద చల్లుకుంది కూడా. కాశీ చూడని కాళ్ళు కడిగిన నీళ్ళకు ఏ పుణ్యం ఉంటుంది? నమ్మకంతో చల్లుకుంటే దేవుడు దాన్ని ఏ ఖాతాలో వేసుకుంటాడు?

"మరి అత్తమ్మ పోయినట్టేనా? ఎక్కడున్నదో తెల్వకుంటనేనా?" అంది ఆమె.

రాజలింగు గోడ మీంచి లేచాడు.

"తెలుసు," అన్నాడు. "లాలాపేట్‌ల ఉన్నది."

పొద్దు వాలుతుండగా వాళ్ళు లాలాపేట్ చేరారు. దారిలో అతను మిగతాది చెప్పాడు. ఢిల్లీ పోయిన డబ్బా మళ్ళీ సికింద్రాబాదుకే వస్తుంది. సమారాధన అయ్యాక ఒకనాడు మనసు ఆగక రైలు డబ్బాలు కడిగే యార్డుకు పోయి అడిగాడు. అక్కడ పనిచేసే సామేలు, కొక్కేనికి వేలాడుతున్న మూట దొరికిందని, పారేయడానికి చెయ్యి రాక ఇంటికి తెచ్చి చెట్టుకు కట్టానని చెప్పాడు. రాజలింగు మూట చూసి మొక్కి వచ్చాడు. ఇంటికి తేకూడదు. మళ్ళీ కాశీకి పోతానంటే, మొదటిసారి ఎక్కడికి పోయినట్టు? ప్రతి అమావాస్యకూ ఏదో ఒక సాకు చెప్పి లాలాపేట్ వచ్చి, చెట్టు కింద నిలబడి పోతున్నాడు.

"అందుకే యాత్రల నీ పేరు ఇచ్చిన," అన్నాడు. "నీకు చెప్పి నీతోని పంపుదామనుకున్న. దినాం చెప్దామనుకుంట, దినాం నోరు రాదు. నేను ఏ మొహం పెట్టుకొని గంగ ముంగట నిలబడాలె?"

సామేలు ఇంటి ముందు వేపచెట్టు ఉంది. ఎత్తైన కొమ్మకు ఖాకీ సంచి ఒకటి వేలాడుతోంది. అతని భార్య లచ్చమ్మ చీపురు పక్కన పడేసి ఎదురొచ్చింది.

"రా అక్కా. అన్న వస్తడు పోతడు గని నిన్ను ఎన్నడు తీస్కరాలే. వానకు తడుస్తదని మా ఆయన పాత ప్యాంటు చింపి సంచి కుట్టిన. మా ప్రార్థనల ఆ అవ్వను సుత తలుస్తం. తప్పైతదా అక్కా?"

"తప్పేంది చెల్లె," అంది అమృతమ్మ. కన్న కొడుకు దాచిన మనిషిని పేరు తెలియనివాళ్ళు తలుచుకుంటున్నారు. ఆ ప్రార్థన ఏ దేవుడికి చేరితేనేం?

చెట్టు కింద నిలబడి రెండు చేతులూ జోడించింది. తరువాత భర్త వైపు తిరిగింది.

"దించు."

రాజలింగు ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇయ్యాల వద్దు అమృతా. యాత్ర నాడు పొద్దుగాల వచ్చి తీస్కపోదాం. ఎవ్వరికి తెల్వకుంట నీ ట్రంకుపెట్టెల..."

"అత్తమ్మను ట్రంకుల పెడ్తవా? బట్టల కింద?"

"ఒక్కసారి దించితే మల్ల కట్టొద్దు. ఇయ్యాలనే స్టేషన్‌కు పోవాలె. ఎందుకు పోయినమని రేపు అందరు అడుగుతరు. నా కాళ్ళు మొక్కినోళ్ళే నా మొహాన ఉమ్ముతరు."

"ఉమ్మనీ. ఇద్దరం తుడుచుకుందాం. దించు."

సామేలు మారుమాట లేకుండా నిచ్చెన తెచ్చి వేశాడు. రాజలింగు ఎక్కాడు. రెండేళ్లలో అతను ఆ సంచిని చేత్తో ముట్టడం ఇదే మొదలు. ముడి విప్పి, రెండు చేతులతో పట్టుకొని దిగి, భార్య చేతుల్లో పెట్టాడు. గుండెలకు హత్తుకోబోతుంటే ఆమె గాజులు సంచికి తగిలాయి.

ఖణేల్‌మంది.

అమృతమ్మ అలాగే ఆగిపోయింది. మళ్ళీ ఒకసారి వేలితో తట్టింది. సంచి మూతి కుట్లు పళ్ళతో తెంపింది.

"విప్పొద్దు! గంగ చేరేదాంక విప్పొద్దంటరు," అన్నాడు రాజలింగు గాభరాగా.

"అందుకే నువ్వు ఒక్కనాడు విప్పి చూడలే."

లోపల ఇత్తడి చెంబు. దాని మూతికి ఎర్రటి బట్ట బిగించి ఉంది.

"నేను కొత్త గురిగిల పెట్టిచ్చిన," అంది ఆమె. "మట్టి గురిగి. కుమ్మరాయన ఇంటికి నేనే పోయి తెచ్చిన. మూతికి అత్తమ్మ చీర కొంగే కట్టిన, తెల్ల చీర. ఇది అత్తమ్మ కాదు."

రాజలింగు చెంబు వైపు చూస్తూ నిచ్చెన పట్టుకున్నాడు. ఇన్ని అమావాస్యలు అతను కళ్ళు తుడుచుకుంటూ క్షమించమని అడిగింది ఎవరిని?

సామేలు తల గోక్కున్నాడు. "ఆ దినం డబ్బల రెండు మూటలు దొరికినయ్ అన్నా. రెండిటికి లచ్చమ్మనే సంచులు కుట్టింది. నువ్వు రాకముందే ఒక ముసలాయన వచ్చి ఒకటి తీస్కపోయిండు. 'నా సోమమ్మ, నా సోమమ్మ' అని ఏడ్సుకుంట పోయిండు. నువ్వొచ్చేవరకు ఇదొక్కటే మిగిలె. నువ్వడగలే, నేను చెప్పలే."

"అయితే అవ్వ గంగకు చేరింది!" రాజలింగుకు ప్రాణం లేచొచ్చింది. "ఆయన తీస్కపోయి కలిపిండు. ఎవరు కలిపితే ఏంది? చేరింది!"

అమృతమ్మకూ ఆ మాట పట్టుకోవాలనే ఉంది. కానీ పట్టు దొరకలేదు.

"ఆయన గంగ ఒడ్డున సంచి విప్పిండనుకో. లోపల మట్టి గురిగి. ఆయన పెట్టింది ఇత్తడి చెంబు. తన పెండ్లాము కాదని అప్పుడే తెలుస్తది గద? తెలిసినోడు మల్ల గీడికి ఎందుకు రాలే? ఈ సోమమ్మను ఎందుకు అడగలే? నిజంగ కాశీకే పోయిండా?"

కాశీకి పోకుండానే పోయొచ్చానని చెప్పుకునే మనుషులు ఉంటారని రాజలింగుకంటే బాగా ఎవరికి తెలుసు?

"ఆ ముసలాయనది ఏ ఊరు?" అని అడిగింది ఆమె.

"రామంతాపూరే అక్కా. గీ పక్కనే," అన్నాడు సామేలు. "గని ఆయన పానం అసలే బాగుండలే. ఇప్పుడు పోయి చెప్తే తట్టుకుంటడా? ఆలోచన చెయ్యి."

ఆలోచించడానికి ఆ చెంబును దించుకునే చోటు లేదు. నేల మీద పెట్టకూడదు. విప్పిన కొమ్మకు మళ్ళీ కట్టకూడదు. ముఖం తెలియని సోమమ్మను రెండు చేతుల్లో పట్టుకొని అమృతమ్మ తార్నాక చౌరస్తా దాకా నడిచింది. వెనకనే రాజలింగు. దీపాలు వెలుగుతున్నాయి. ఒక వైపు రోడ్డు సికింద్రాబాద్ స్టేషన్‌కు, ఇంకో వైపు రామంతాపూర్‌కు.

"ఈమెను మనమే తీస్కపోయి గంగల కలుపుదాం," అన్నాడు రాజలింగు బతిమాలుతూ. "ఇప్పుడే పోదాం. ఈసారి నేను సుత వస్త. ఆయనకు చెప్పొద్దు. నేను ఏం చేసిన్నో ఆయనకు సుత తెలుస్తది."

"అత్తమ్మ సంగతి ఆయన నోట వినందే నేను రైలెక్క," అంది అమృతమ్మ.

రామంతాపూర్ రోడ్డు మీదికి తిరిగి నడిచింది. రిక్షాలవాళ్ళు గంటలు కొడుతూ పక్కకు తప్పుకున్నారు. పోస్టాఫీసు దాటింది. కిరసనాయిలు దుకాణం దాటింది. వెనక భర్త చెప్పుల చప్పుడు కోసం చెవి ఒగ్గింది.

ఏమీ వినిపించలేదు.